మోటార్ సైకిల్ చక్రం ఇంట్లో విప్పడం

మోటార్ సైకిలుకు కొత్త టైరు వేయడంలో నిజానికి రెండు వేర్వేరు పనులున్నాయి. బండి నుంచి చక్రాన్ని విప్పి తిరిగి బిగించడం ఒకటి. విప్పిన చక్రం రిమ్ము నుంచి పాత టైరు ఊడదీసి కొత్తది ఎక్కించడం రెండోది. పంక్చర్ షాపులో ఈ రెండూ ఒకరి చేతి మీదుగానే, ఒకే బేరంలో జరిగిపోతాయి కాబట్టి చాలామంది వీటిని ఒకే పనిగా లెక్కేస్తారు. ఇంట్లో చేసుకోవాలా వద్దా అన్న చర్చ కూడా ఈ కలగాపులగం మీదే నడుస్తుంది. చేసుకోవచ్చు అనేవాళ్లు నట్టు విప్పడం ఎంత సులువో చెబుతారు. వద్దనేవాళ్లు రిమ్ము మీద పడే లివర్ గాట్లు చూపిస్తారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, వేర్వేరు పనుల గురించి. మొదటి పనికి కావలసింది కొలత, వరస, తొందర లేకపోవడం. ఇవి బండి యజమాని దగ్గర షాపులో కన్నా ఎక్కువ దొరుకుతాయి. రెండో పనికి కావలసింది యంత్రం, గాలి కంప్రెసర్, రోజూ చేసిన చేతివాటం. ఇవి షాపులోనే ఉంటాయి. కాబట్టి చక్రం ఇంట్లో విప్పి, టైరు షాపులో మార్పించుకుని, చక్రం మళ్లీ ఇంట్లోనే బిగించుకోవడం చాలా బళ్ల విషయంలో సరైన పద్ధతి. దీనికి కారణాలు చక్రం నిర్మాణంలోనే ఉన్నాయి.

గాలి టైరు పుట్టినప్పుడు దాన్ని విప్పే ఆలోచన ఎవరికీ లేదు. స్కాట్లాండ్‌కు చెందిన రాబర్ట్ విలియం థామ్సన్ 1845లోనే గాలి టైరుకు పేటెంట్ తీసుకున్నా అది వాడుకలోకి రాలేదు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడిగా ఉన్న జాన్ బాయ్డ్ డన్‌లప్ సైకిలు కోసం మళ్లీ కనిపెట్టాడు. ఆ టైరును చక్రానికి జిగురుతో అతికించేవారు. 1889లో ఫ్రాన్స్‌లోని క్లెర్మాన్ ఫెరాన్ పట్టణంలో మిషెలిన్ సోదరుల రబ్బరు కార్ఖానాకు ఒక సైకిలు ప్రయాణికుడు పంక్చరైన డన్‌లప్ టైరుతో వచ్చాడు. బాగు చేయడానికి గంటలు పట్టింది, జిగురు ఆరడానికి రాత్రంతా పట్టింది, మర్నాడు కాసేపు నడిచి అది మళ్లీ దిగిపోయింది. ఎడ్వార్ మిషెలిన్ దృష్టి అక్కడే పడింది. లోపం టైరులో లేదు, దాన్ని విప్పలేకపోవడంలో ఉంది. 1891లో మిషెలిన్లు విప్పి వేసుకోగల టైరుకు పేటెంట్ తీసుకున్నారు. అదే ఏడాది పారిస్ నుంచి బ్రెస్ట్ వెళ్లి తిరిగొచ్చే సుమారు 1,200 కిలోమీటర్ల పందెంలో ఆ టైర్లతో షార్ల్ తెరాన్ గెలిచాడు. ఇంగ్లండ్‌లో చార్లెస్ కింగ్‌స్టన్ వెల్చ్ 1890లో పట్టుకున్న ఉపాయం ఇంకా ఎక్కువ కాలం నిలిచింది. టైరు అంచులో సాగని తీగ పెట్టి, రిమ్ము మధ్యలో గుంట చేశాడు. తీగ అంచును ఒక వైపు గుంటలోకి దించితే ఎదురు వైపు వదులు దొరుకుతుంది. ఈనాటి మోటార్ సైకిల్ టైరు రిమ్ము మీద నిలిచేదీ, ఊడేదీ ఈ సూత్రం మీదే. మారే వస్తువుగా టైరు రూపుదిద్దుకున్నదే వాడేవాడి సౌకర్యం కోసమని ఈ చరిత్ర చెబుతోంది.

చక్రాన్ని తేలిగ్గా విప్పేలా చేయాలన్న ఆలోచన కూడా తర్వాత చాలాసార్లు తలెత్తింది. ఇంగ్లండ్‌లో తయారైన విన్సెంట్ బళ్లకు ఇరుసుకే పిడి లాంటి కడ్డీలు బిగించి ఉండేవి. పానా లేకుండా చేత్తోనే చక్రం తీసేయొచ్చు. ఇటలీలో 1946లో వచ్చిన వెస్పా ఇంకో దారి తొక్కింది. దాని రూపకర్త కొరాదీనో దస్కానియో విమానాల ఇంజనీరు. విమానం చక్రంలాగే వెస్పా చక్రాన్నీ ఒక పక్క నుంచే పట్టి ఉంచాడు. కారు చక్రంలా నట్లు విప్పితే ఊడివస్తుంది. మన దేశంలో పియాజియో లైసెన్సుతో మొదలైన బజాజ్, 1972 నుంచి తెచ్చిన చేతక్‌లోనూ ఇదే ఏర్పాటు. స్టెప్నీ బండి మీదే ఉండేది. రిమ్ము రెండు రేకులుగా విడిపోయేది కాబట్టి టైరు తీయడానికి లివర్లతో కుస్తీ కూడా అక్కర్లేదు. (గాలి పూర్తిగా తీయకుండా ఆ రేకుల నట్లు విప్పితే మాత్రం రేకు మొహం మీదికి ఎగిరేది.) ఆఫీసుకు వెళ్లే గుమాస్తాలు, బడిపంతుళ్లు రోడ్డు పక్కన స్కూటరును ఒక పక్కకు వంచి పది, పదిహేను నిమిషాల్లో చక్రం మార్చుకున్న కాలమది. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చాక క్రమంగా ఇళ్ల ముందు స్కూటర్లు తగ్గి మోటార్ సైకిళ్లు పెరిగాయి. వాటికి స్టెప్నీ లేదు. చక్రానికి అటూ ఇటూ ఫోర్కులు, మధ్యలో ఇరుసు, ఒక పక్క చైను, ఇంకో పక్క బ్రేకు. అప్పటినుంచి చక్రం విప్పడం మెకానిక్ పనిగా స్థిరపడిపోయింది. మనుషుల చేతకానితనం దీనికి కారణం కాదు, బండి నిర్మాణం మారిందంతే. మారిన నిర్మాణం చూడ్డానికి భయపెడుతుంది గాని, అర్థం చేసుకుంటే అందులో కష్టమైనది తక్కువే.

మోటార్ సైకిల్ చక్రం ఇరుసు మీద ఊరికే వేలాడుతూ ఉండదు. హబ్బులో రెండు బేరింగులు, వాటి మధ్య ఒక గొట్టం, బేరింగులకు బయట రెండు పక్కలా స్పేసర్లు, వాటి పక్కన బ్రేకు ప్లేటు, చైను అడ్జస్టర్లు, చివర వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్. ఇన్నింటి గుండా ఇరుసు దూరి అవతల నట్టు బిగుసుకుంటుంది. ఇరుసు చక్రాన్ని మోయడంతో సరిపెట్టుకోదు. నట్టు బిగిసినప్పుడు ఈ వరసంతా ఒకదానికొకటి నొక్కుకుని ఒకే ముద్దలా మారుతుంది. బేరింగు లోపలి వలయాలు ఆ ముద్దలో భాగమై కదలకుండా ఉంటాయి, బయటి వలయాలు చక్రంతో తిరుగుతాయి. ఈ ఒక్క విషయం బుర్రకెక్కితే మిగతా జాగ్రత్తలన్నీ దాని నుంచే వస్తాయి. స్పేసరు ఒకటి మర్చిపోయినా, కుడిది ఎడమకు పెట్టినా చక్రం మధ్య నుంచి జరుగుతుంది, బేరింగు మీద పక్క ఒత్తిడి పడుతుంది. షాపుల్లో ఒకేసారి రెండు మూడు బళ్లు విప్పి పెట్టినప్పుడు స్పేసర్లు కలిసిపోవడం జరిగేదే. ఇంట్లో విప్పేవాడు ఊడిన ప్రతి ముక్కనూ ఊడిన వరసలోనే పాత దినపత్రిక మీద పేర్చి, ఫోనుతో ఫొటో తీసుకుంటే ఈ తప్పుకు చోటే ఉండదు. ఇందుకు నైపుణ్యం అక్కర్లేదు. మనసు ఒకే బండి మీద ఉంటే చాలు.

వెనక చక్రం విప్పే క్రమం చాలా కమ్యూటర్ బళ్లలో దాదాపు ఒకేలా ఉంటుంది. సమతలంగా, గట్టిగా ఉన్న నేల కావాలి. బండి బరువు ఇంకా చక్రాల మీద ఉండగానే ఇరుసు నట్టును కొద్దిగా వదులు చేయాలి. స్టాండు మీదికి ఎక్కించాక బిగిసిన నట్టుతో పెనుగులాడితే బండి స్టాండు దిగి మీద పడే ప్రమాదముంది. సెంటర్ స్టాండ్ ఉన్న బండికి వెనక చక్రం దానంతట అదే లేస్తుంది. లేనివాటికి వెనక భాగాన్ని లేపి పట్టే ప్యాడాక్ స్టాండ్ కొనాలి. ఇటుకలు ఒకదాని మీద ఒకటి పేర్చి బండిని నిలబెట్టే పద్ధతి మాత్రం పనికిరాదు, ఇటుక పగలడానికి ముందు చెప్పదు. తర్వాత బ్రేకు రాడ్డు చివరి నట్టు తీసి రాడ్డును వదిలించాలి. బ్రేకు ప్లేటును స్వింగ్ ఆర్మ్‌కు పట్టి ఉంచే టార్క్ లింకు బోల్టు విప్పాలి. చైను అడ్జస్టర్లు ఏ గీత దగ్గర ఉన్నాయో రెండు పక్కలా చూసి రాసుకోవాలి. ఇరుసు లాగేస్తే స్పేసరు కింద పడుతుంది. చక్రాన్ని ముందుకు నెట్టి చైను దించి వెనక్కి తీయాలి. కొన్ని బళ్లలో స్ప్రాకెట్టు, దాన్ని మోసే డ్రమ్ము వేరే నట్టుతో స్వింగ్ ఆర్మ్‌కే ఉండిపోతాయి. అప్పుడు చైను ముట్టుకోకుండానే చక్రం మాత్రం పక్కకు లాగితే వచ్చేస్తుంది. చక్రానికీ స్ప్రాకెట్టు డ్రమ్ముకూ మధ్య ఉండే రబ్బరు ముక్కలు చూడటానికి ఇదే అవకాశం. గేరు మార్చినప్పుడల్లా వచ్చే కుదుపును మింగేవి అవే. నలిగి వదులైతే కొత్తవి వేయడానికి వేరే కూలి ఉండదు. ఊడిన చక్రాన్ని వేలితో తిప్పి చూస్తే బేరింగు గరగరలాడుతోందో లేదో తెలుస్తుంది. షాపులో ఈ తనిఖీ జరగదని కాదు, జరిగినా యజమాని కళ్లముందు జరగదు. డ్రమ్ములో పేరుకున్న బ్రేకు దుమ్మును నోటితో ఊదకూడదు, గాలి పైపుతో అసలే కొట్టకూడదు. పాత బ్రేకు షూలలో ఆస్‌బెస్టాస్ ఉండేది, దాని పోగులు ఊపిరితిత్తులకు చేటు. తడి గుడ్డతో తుడవడం మేలు.

తిరిగి బిగించడంలో ఒక తప్పు మిగతా అన్నింటికన్నా పెద్దది, దాని గురించి కాస్త విడిగా చెప్పాలి. డ్రమ్ము బ్రేకు పనిచేసేటప్పుడు షూలు తిరిగే డ్రమ్మును ఆపుతాయి. డ్రమ్ము కూడా అంతే బలంతో షూలను, వాటిని మోసే ప్లేటును తనతో పాటు తిప్పడానికి చూస్తుంది. ఆ ప్లేటు తిరక్కుండా ఆపేది వెనక పక్క టార్క్ లింకు, ముందు పక్క ఫోర్కు మీది చిన్న ఇనుప మొలక. ఆ మొలక ప్లేటులోని గాడిలో కూర్చోవాలి. లింకు బోల్టు మర్చిపోయినా, మొలక గాడిలో కూర్చోకపోయినా బండి మామూలుగానే నడుస్తుంది. మెల్లగా బ్రేకు వేస్తే ఆగుతుంది కూడా. గట్టిగా వేసిన మొదటిసారి ప్లేటు గిర్రున తిరిగి కేబులును లేదా రాడ్డును చుట్టుకుని చక్రాన్ని బిగదీస్తుంది. ముందు చక్రానికి ఇలా జరిగితే నడిపేవాడు హ్యాండిల్ మీదుగా పడతాడు. ఇంట్లో పని చేయడం ప్రమాదకరం అనేవాళ్ల వాదనలో బలమైన భాగం ఇదే. దీన్ని చిన్నది చేసి చూపకూడదు. కానీ ఈ ప్రమాదాన్ని ఆపేది బలమూ కాదు, అనుభవమూ కాదు. బిగించాక కంటితో చూసి, వేలితో తడిమి, నట్టు ఊడకుండా పెట్టే స్ప్లిట్ పిన్ను చివరలు విడదీసి ఉన్నాయా అని సరిచూసుకోవడం. సాయంత్రం ఆరుకు పదో బండి బిగించే చేతికన్నా ఏడాదికోసారి ఒకే బండి బిగించే చేతికి ఈ ఓపిక ఎక్కువ ఉంటుంది. మరిచిపోయే స్వభావం తమకు ఉందని తెలిసినవాళ్లు మాత్రం ఈ పనికి దూరంగా ఉండటమే మంచిది.

బిగువు సంగతి దీని తర్వాతది. మన రోడ్డు పక్క షాపుల్లో బిగువు కొలిచే పానా, అంటే టార్క్ రెంచ్, కనిపించడం అరుదు. చేతి అంచనాతో బిగిస్తారు. ఆ అంచనా ఎంత దూరం పోగలదో చిన్న లెక్కతో తెలుస్తుంది. పావు మీటరు పొడవున్న పానా చివర 25 కిలోల బరువుతో నొక్కితే నట్టు మీద పడేది సుమారు 61 న్యూటన్ మీటర్లు. చాలా బళ్లకు ఇరుసు నట్టు బిగువు 50 నుంచి 100 న్యూటన్ మీటర్ల లోపే ఉండాలని తయారీదారుల పుస్తకాలు చెబుతాయి. అదే పానాకు గొట్టం తొడిగి 40 సెంటీమీటర్లకు పెంచి, 65 కిలోల మనిషి దాని మీద కాలు మోపి నిలబడితే అది 255 న్యూటన్ మీటర్లవుతుంది. చెప్పినదానికి రెండున్నర రెట్లకు పైనే. మరలు సాగుతాయి, బేరింగులు నలుగుతాయి, తర్వాతి పంక్చరు రోజున నట్టు కదలదు. అసలు బిగించకపోవడం కన్నా అతిగా బిగించడం మేలు కదా అని ఒక సమర్థన వినిపిస్తుంటుంది. ఆ రెండింటి మధ్యే ఎంచుకోవాల్సి వస్తే నిజమే. కానీ కొలిచే పానా ఉన్నప్పుడు ఆ రెండింటిలో ఏదో ఒకటి ఎంచుకోవాల్సిన అవసరమే లేదు. సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో పనిముట్ల దుకాణంలో ఇది దొరుకుతుంది. ఇంట్లో చక్రం విప్పదలచినవాళ్లు కొనవలసిన మొట్టమొదటి పనిముట్టు ఇదేనని, లివర్లూ సుత్తీ కావని గట్టిగా చెప్పవచ్చు. అది కొనే ఉద్దేశం లేకపోతే షాపు చేతికీ ఇంటి చేతికీ తేడా ఉండదు, ఇంట్లో చేసుకోవాలన్న వాదనలో సగం బలం పోతుంది.

నట్టు బిగించే ముందే చైను చూసుకోవాలి. ఇరుసు గాడిలో ఎంత వెనక్కి జరిగితే చైను అంత బిగుస్తుంది. కమ్యూటర్ బళ్లకు సాధారణంగా 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఊగు ఉంచమంటారు. సరైన సంఖ్య ఆ బండి పుస్తకంలో ఉంటుంది. మనిషి కూర్చుంటే స్వింగ్ ఆర్మ్ పైకి లేచి చైను మరింత లాగుకుంటుంది కాబట్టి స్టాండు మీద బిగుతుగా, అందంగా కనిపించే చైను రోడ్డు మీద గేరుబాక్సు బేరింగును తినేస్తుంది. రెండు పక్కల అడ్జస్టర్లూ ఒకే గీత దగ్గర ఉండాలి, లేకపోతే చక్రం వంకరగా నడుస్తుంది. డ్రమ్ము బ్రేకున్న బండిలో నట్టు చివరి బిగింపు వేసేటప్పుడు బ్రేకు పెడల్ తొక్కి పట్టుకుంటే షూలు డ్రమ్ము మధ్యలో కూర్చుంటాయి. నట్టు బిగిశాక చైను మళ్లీ చూడాలి, బిగింపులో ఇరుసు కొంచెం జరగడం మామూలే.

ముందు చక్రానికి చైను లేదు కాబట్టి తేలికే అనుకుంటారు గాని, బండిని నిలబెట్టడమే అక్కడ చిక్కు. సెంటర్ స్టాండ్ మీద బండి వెనక చక్రం పైకి లేస్తుంది, ముందుది నేలమీదే ఉంటుంది. వెనక బరువు వేసి ముందు భాగాన్ని లేపడం కన్నా, ఇంజను కింద గట్టి చెక్క ముక్క, జాకీ పెట్టి లేపడం నయం. సైలెన్సరు గొట్టం మీద, ఆయిలు దించే బోల్టు మీద జాకీ పెట్టకూడదు. స్పీడోమీటరు కేబులు చక్రానికి ఉన్న పాత బళ్లలో ఆ చిన్న గేరు పళ్లు హబ్బు గాడిలో కూర్చున్నాకే ఇరుసు బిగించాలి. లేకపోతే ఆ పళ్లు నలిగిపోయి మీటరు ఆగుతుంది. డిస్కు బ్రేకు ఉంటే చక్రం బయట ఉన్నంతసేపూ లివరు నొక్కకూడదు. ప్యాడ్ల మధ్య డిస్కు లేదు కాబట్టి పిస్టన్లు ముందుకొచ్చి, చక్రం తిరిగి పెట్టేటప్పుడు డిస్కు దూరదు. ప్యాడ్ల మధ్య పలుచని చెక్క ముక్క పెట్టి ఉంచితే ఈ బెడద తప్పుతుంది. ప్యాడ్లను మోసే క్యాలిపర్ విప్పాల్సి వస్తే దాన్ని బ్రేకు గొట్టానికి వేలాడనివ్వకుండా తాడుతో కట్టాలి. చక్రాన్ని డిస్కు కిందికి వచ్చేలా పడుకోబెట్టకూడదు, డిస్కు మీద గ్రీజు వేలిముద్ర కూడా పడనివ్వకూడదు. బిగించాక బండి కదిలించే ముందే బ్రేకు లివరును కొన్నిసార్లు నొక్కి గట్టిపడేదాకా చూడాలి. ఇది మరిస్తే గేటు దాటాక మొదటిసారి నొక్కినప్పుడు బ్రేకు దొరకదు. మన దేశంలో 2019 ఏప్రిల్ 1 నుంచి 125 సీసీ దాటిన బళ్లన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరైంది. ఆ బళ్లలో చక్రం పక్కన పళ్ల వలయం, దాన్ని చదివే సెన్సరు ఉంటాయి. రెంటి మధ్య సందు చాలా తక్కువ. వలయం వంగినా సెన్సరు వైరు నలిగినా మీటరులో హెచ్చరిక దీపం వెలుగుతుంది, ఏబీఎస్ పనిచేయదు. ఈ కారణంగా కొత్త బళ్లకు ఇంట్లో పని వద్దని కొందరంటారు. నిజానికి ఇది షాపులో తొందరపాటుకు ఎదురుగా నిలిచే వాదన కూడా. సెన్సరును ముందే విప్పి పక్కన పెట్టడానికి రెండు నిమిషాలు చాలు, ఆ రెండు నిమిషాలు ఎవరి దగ్గర ఉన్నాయన్నదే ప్రశ్న.

టైరును రిమ్ము నుంచి ఊడదీయడం దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. స్పోకుల చక్రం, ట్యూబు టైరు అయితే రెండు లివర్లు, సబ్బు నీళ్లు, మోకాళ్ల బలం ఉంటే ఇంట్లోనూ అవుతుంది. వెల్చ్ చెప్పిన సూత్రమే కిటుకు. లివరు పట్టే చోటుకు ఎదురుగా టైరు అంచు రిమ్ము గుంటలో ఉండేలా తొక్కి పట్టాలి. అలా చేయకుండా బలం పెట్టేకొద్దీ తీగ సాగదు, రిమ్మే వంగుతుంది. చివరి జానెడు ఎక్కించేటప్పుడు లివరు కింద ట్యూబు నలిగి చిల్లు పడటం ఇంటి పనిలో తరచూ జరిగే నష్టం. ముందుగా ట్యూబులో కాస్త గాలి నింపి గుండ్రంగా ఉంచితే అది తగ్గుతుంది. ట్యూబ్‌లెస్ టైరు వేరే కథ. దాని అంచు రిమ్ము భుజం మీద బిగుసుకుని గాలిని ఆపుతుంది కాబట్టి ఆ పట్టు విడిపించడానికే చాలా ఒత్తిడి కావాలి. బండి టైరును కారు చక్రం కింద పెట్టి నొక్కడం లాంటి చిట్కాలు కనిపిస్తుంటాయి. ఎక్కడ ఒక పక్క ఒత్తిడి ఎక్కువైనా అలాయ్ రిమ్ము పగులుతుంది, పగిలిన అలాయ్‌ను నమ్మి మళ్లీ రోడ్డెక్కలేం. ఎక్కించేటప్పుడు కూడా అంచు ఒక్కసారిగా భుజం మీదికి ఎగిరి కూర్చోవాలంటే కంప్రెసర్ నుంచి గాలి ఉరికి రావాలి. చేతి పంపుతో కొట్టేకొద్దీ గాలి పక్కల నుంచి పోతూనే ఉంటుంది. టైరు మార్చే యంత్రం ఉన్న షాపులో ఈ పని నిమిషాల్లో, గాటు పడకుండా అయిపోతుంది. పని సగం చేసుకున్నవాడు మిగతా సగం కూడా చేసుకోవచ్చు కదా అనే ప్రశ్నకు సమాధానం ఇదే. ఇక్కడ ఓపిక కన్నా యంత్రం ఎక్కువ పనికొస్తుంది.

బ్యాలెన్సింగు ఇంకో కారణం. టైరు బరువు చుట్టూ ఒకేలా ఉండదు. కొన్ని కంపెనీలు తేలికైన చోట చుక్క పెడతాయి, దాన్ని వాల్వు దగ్గరికి తెచ్చి వేస్తారు. 17 అంగుళాల రిమ్ము అంచున 20 గ్రాముల తేడా ఉందనుకుందాం. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో అది సుమారు 24 న్యూటన్ల బలంతో, అంటే దాదాపు రెండున్నర కిలోల బరువుతో, సెకనుకు 12 సార్లు ఇరుసును అటూ ఇటూ లాగుతుంది. 40 కిలోమీటర్ల వేగంలో ఆ బలం నాలుగో వంతుకు పడిపోతుంది. ఊళ్లో తిరిగే బండికి బ్యాలెన్సింగు అక్కర్లేదని షాపులవాళ్లు అనడంలో అబద్ధమేమీ లేదు. హైవే మీద నడిచే బండికి మాత్రం విప్పిన చక్రాన్ని యంత్రం మీద పెట్టించడం మంచిది. అమెరికాలో చాలా టైరు షాపులు బండిని తెస్తే ఒక ధర, విప్పిన చక్రాన్ని తెస్తే తక్కువ ధర తీసుకుంటాయి. అక్కడ చాలామంది బండి యజమానులు ఈ సగం పని ఇంట్లో చేసుకోవడానికి ఇది పెద్ద కారణం. అక్కడ గంట కూలి ఖరీదు, ఇక్కడ చవక. కాబట్టి మన ఊళ్లలో ఈ శ్రమ ఎందుకన్నది న్యాయమైన అభ్యంతరమే. డబ్బు లెక్కలో చూస్తే నిజంగానే మిగిలేది కొద్దిపాటే. టార్క్ రెంచు, ప్యాడాక్ స్టాండు ధర కలిపితే మొదట్లో నష్టమే. ఇంటి పనికి సమర్థన డబ్బులో వెతకకూడదు. అది బిగువు సరిగ్గా ఉందని, స్పేసరు తన చోటే ఉందని, లింకు బోల్టు పడిందని తెలియడంలో ఉంది. ఊరికి దూరంగా, రాత్రిపూట పంక్చరైన బండికి చక్రం విప్పడం వచ్చినవాడు దాన్ని ఆటోలోనో బస్సులోనో వేసుకెళ్లగలడు. బండిని తోసుకెళ్లక్కర్లేదు, దిగిన టైరు మీద నడిపి రిమ్ము పాడుచేసుకోనక్కర్లేదు.

టైరు ఎంపిక కూడా చక్రం విప్పినప్పుడు తేలిక. పక్క గోడ మీద కొలత, బరువు మోసే సూచిక, వేగం అక్షరం, తిరిగే దిశ బాణం ఉంటాయి. చివర నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. 3524 అంటే 2024లో 35వ వారం. బాణం దిశ తప్పి ఎక్కించిన టైరును చక్రం ఇంకా షాపులో ఉండగానే గుర్తిస్తే మళ్లీ వేయించడం సులువు. బండికి బిగించాక చూస్తే ఇంకో గంట పని. చేత్తో తాకితే తెలిసే ఇంకో సంగతి ఉంది. కొత్త టైరు ఉపరితలం మొదట్లో నునుపుగా ఉంటుంది. మొదటి 150 కిలోమీటర్లు మలుపుల్లో బండిని పెద్దగా వంచకుండా, బ్రేకు ఉరవడిగా వేయకుండా నడపమని టైరు తయారీదారులు చెప్పేది అందుకే. ఆ దూరంలోనే ఇరుసు నట్టు బిగువు, చైను ఊగు మరోసారి చూసుకోవాలి.

పనిని ఇలా పంచుకోవడంలో చిన్న లాభం ఇంకొకటుంది. పూర్తిగా ఇంట్లో చేసేవాడికి పాత టైరు ఇంట్లోనే మిగులుతుంది. పెరట్లోనో డాబా మీదో పడేసిన టైరులో వాన నీళ్లు నిలిచి డెంగీ దోమ పెరుగుతుంది. దాన్ని కాల్చితే విషపు పొగ వస్తుంది. 2022లో కేంద్రం వాడేసిన టైర్ల పునర్వినియోగ బాధ్యతను తయారీదారుల మీద పెడుతూ నియమాలు తెచ్చింది. అయితే ఇంటి గుమ్మం దగ్గరికి వచ్చి టైరు తీసుకెళ్లే ఏర్పాటు మామూలు యజమానికి అందుబాటులో లేదు. చక్రాన్ని షాపుకు తీసుకెళ్లినవాడి పాత టైరు అక్కడే ఉండిపోతుంది, అక్కడి నుంచి పాత టైర్ల వ్యాపారి బండెక్కుతుంది.